తారు అయిపోయే చోటు

ఆ ఉదయం కూడా ఇంట్లో ముందుగా లేచింది తల్లి గొంతే.

"మళ్లీ పడ్డారా! అయ్యయ్యో, మోకాలంతా దోక్కుపోయింది. చిట్టీ, ఆ దువ్వెన అక్కడ పారేసి దూది పట్రా!"

ఆవిడ వంటింట్లో మాట్లాడితే వీధి మలుపులో ఉన్నవాళ్లు బదులు చెప్పచ్చని పెళ్లైన కొత్తలో భర్త ఒక హాస్యమాడాడు. ఆ హాస్యానికి ముప్పై రెండేళ్లు నిండాయి. ఆవిడ గొంతు మాత్రం ఒక్క మెట్టు కూడా దిగలేదు.

సగం అల్లిన జడతోనే చిట్టి దూది, మందు తెచ్చింది. తండ్రి హాల్లో కుర్చీలో కూర్చుని అరచేతిలో గుచ్చుకున్న కంకర రాళ్లు తీసుకుంటున్నాడు. ముప్పై ఏళ్లు సర్వేయరుగా ఊళ్ల పొలాలన్నీ కొలిచిన మనిషి. రిటైరవడానికి ఇంకా రెండేళ్లు ఉండగానే ఓపిక లేదంటూ ఉద్యోగం మానేశాడు. కానీ పొద్దున్నే పరుగు మాత్రం మానలేదు. ఇంటి గేటు నుంచి తారు రోడ్డు చివరి దాకా, అక్కణ్నుంచి కాలువ గట్టు మీద మట్టిదారిలో కల్వర్టు దాకా వెళ్లి వస్తాడు. వర్షమొచ్చినా అంతే.

పది రోజుల్లో పడడం ఇది రెండోసారి. చిట్టి చూపు గుమ్మం దగ్గర విడిచిన నీలం బూట్ల మీద పడింది. ఆయన పుట్టినరోజుకి తనే కొనిచ్చింది. తను పనిచేసే బూట్ల షాపులో అంతకన్నా మంచి జత లేదు. అడుగుభాగం రెండంగుళాల మందం, వేసుకుంటే స్పాంజి మీద నడిచినట్టే. "వీటితో నువ్వు పరిగెత్తక్కర్లేదు నాన్నా, అవే నిన్ను పరిగెత్తిస్తాయి" అని ఆ రోజు ఎంత గొప్పగా చెప్పిందో!

"ఇంక చాలు. అరవై దగ్గరికొస్తుంటే ఏంటీ పరుగులు?" అంటూ తల్లి ఆ బూట్లు తీసి బీరువా మీదకి విసిరేసింది.

"బూట్లదేం తప్పులేదే."

"మరి తప్పెవరిది? కాలువదా? అడ్డం తప్పుకోలేదా పాపం?"

ఆయన నవ్వబోయి ఊరుకున్నాడు. "చిట్టీ, సాయంత్రం మీ షాపుకొస్తాను. ఇంకో జత చూద్దాం" అన్నాడు.

చిట్టికి చివుక్కుమంది. కాళ్లు చూసి బూట్లు చెప్పడంలో ఆమెకి పేరుంది. వచ్చేపోయేవాళ్లు ఆమెని షూ డాక్టర్ అని పిలుస్తారు. ఊరందరి కాళ్లకీ సరిపోయిన తెలివి సొంత తండ్రి కాళ్ల దగ్గర చాల్లేదన్నమాట.

సాయంత్రం ఆయన వచ్చేసరికి షాపులో జనం బాగానే ఉన్నారు. చిట్టి ఆయన్ని ఎత్తుపీట మీద కూర్చోబెట్టి రెండు పాదాలూ కొలిచింది. సాయంత్రానికి కాళ్లు కాస్త ఉబ్బుతాయి, బూట్లు అప్పుడే చూడాలి. రోడ్డుకీ మట్టికీ రెండింటికీ పనికొచ్చే జత దొరకడం కష్టం. అడుగున పళ్లు లోతుగా ఉంటే మట్టిలో పట్టు బాగుంటుంది, కానీ తారు మీద తొందరగా అరిగిపోతాయి. నున్నగా ఉంటే తారు మీద హాయిగానే ఉంటుంది, మట్టిలో జారుతుంది. ఈ మాటలు ఆమె రోజుకి పదిసార్లు చెబుతుంది.

మొదటి జత వేసుకుని ఆయన నడక పలక ఎక్కాడు. ఆ షాపులో గోడవారగా ఒక పొడుగాటి చెక్క ఉంది. దాని మీద వరసగా తారు, కంకర, గట్టి మట్టి పరిచి ఉంటాయి. కొనేవాళ్లు అక్కడ నాలుగడుగులు వేసి చూసుకుంటారు.

"వద్దమ్మా, మరీ మెత్తన."

రెండో జతకి మడమ ఎత్తన్నాడు. మూడోది బరువన్నాడు. నాలుగో జత పళ్లు తారు మీద టకటకమంటుంటే "గుర్రానికి నాడాలేశారా?" అన్నాడు. ఏడో జత కూడా విప్పేసరికి చిట్టికి ఓపిక నశించింది. అవతల ఒకావిడ పిల్లాడి బూట్లు పట్టుకుని పావుగంట నుంచి నిలబడి ఉంది, మేనేజరు గల్లా దగ్గర్నుంచి ఓరగా చూస్తున్నాడు.

"ఇల్లు కొనేవాళ్లు కూడా ఇన్ని వంకలు పెట్టరు నాన్నా! అసలు నీకేం కావాలో చెప్పు."

"అడుగు పల్చగా ఉన్నది ఏదైనా ఉందా?"

అటక మీద పాత స్టాకులో ఒక జత ఉంది. బూడిద రంగు, అడుగు పల్చన, పళ్లు చిన్నవి. ఎవరూ అడగక దుమ్ముకొట్టుకుని ఉంది. చిట్టి విసుగ్గానే తెచ్చి తొడిగింది. ఆయన పలక ఎక్కి కళ్లు మూసుకున్నాడు. తారు మీద నుంచి మట్టి మీదకి, మట్టి మీద నుంచి తారు మీదకి మూడుసార్లు మెల్లగా నడిచాడు. ముఖం విచ్చుకుంది.

"ఇందులో తెలుస్తోంది."

"ఏం తెలుస్తోంది?"

"తారు ఎక్కడ అయిపోయిందో."

"అది చూస్తే తెలియదా?" అని నవ్వుతూ చిట్టి ఖాళీ పెట్టె తీసుకోడానికి ఆయన ఎడమ పక్కకి వచ్చింది.

ఆయన కళ్లు తెరిచి, ఇంతకుముందు ఆమె నిలబడి ఉన్న చోటుకేసి చూస్తూ అన్నాడు. "ఇదే ఖాయం చెయ్యి తల్లీ. మీ అమ్మకి మాత్రం నువ్వే నచ్చజెప్పాలి."

అక్కడ ఎత్తుపీట తప్ప ఏమీ లేదు. చిట్టి ఆయన భుజానికి జానెడు దూరంలో ఉంది. చెయ్యి ఎత్తి ఆయన చెంప పక్కన మెల్లగా ఊపింది. ఆయన రెప్ప కదల్లేదు.

"నాన్నా, నేనిక్కడున్నాను."

ఆయన గభాల్న తల తిప్పాడు. దొరికిపోయిన దొంగలా ముఖం వాడిపోయింది. వెళ్లి ఎత్తుపీట మీద కూర్చుని, తాళ్లు విప్పుతూ చెప్పాడు.

"గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుందమ్మా. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. పక్కన ఏం లేదు, కింద ఏం లేదు. గొట్టం సన్నబడుతూ ఉంటుందట. ఏడాదిన్నరయింది."

"డాక్టర్‌కి చూపించావా?"

"ముగ్గురికి చూపించాను. మొదటి ఇద్దరూ మందు లేదన్నారు. మూడో ఆయన మాట్లాడకుండా భుజం తట్టాడు. ఇంక నాలుగో ఆయన దగ్గరికి వెళ్లలేదు."

"మరి రోజూ ఎలా పరిగెడుతున్నావు?"

"లెక్క పెట్టుకుని. గేటు నుంచి ఆరువందల నలభై అంగలకి తారు అయిపోతుంది. అది కాలికి తెలుస్తుంది. అక్కణ్నుంచి మళ్లీ ఒకటి. తొమ్మిది వందల ఎనిమిది దగ్గర ఎడమకి తిరిగితే కల్వర్టు గోడ తప్పుతుంది. భూమి కొలిచిన కాళ్లు కదా, లెక్క తప్పవు."

"కానీ తప్పావుగా? రెండుసార్లు..." అనబోయి చిట్టి ఆగిపోయింది.

ఆయన పడింది తను ఆ బూట్లు ఇచ్చిన తర్వాతే. అంత మందాన అడుగు ఉంటే తారేదో మట్టేదో కాలికేం తెలుస్తుంది? పైగా ఆ స్పాంజి ప్రతి అంగనీ ముందుకి తోస్తుంది. అంగకి వేలెడు మందం పొడుగు పెరిగినా తొమ్మిది వందల అంగలకి ఎంతవుతుంది? అంగ సాగుతుందని కొనేవాళ్లకి ఊరించి చెప్పేది తనే. లెక్క పూర్తికాకుండానే కల్వర్టు మీదకి తోసిందీ తనే.

"మంచి బూట్లే తల్లీ" అన్నాడాయన, ఆమె ఆలోచన కనిపెట్టినట్టు. "మరీ మంచివి, అంతే."

చిట్టి అటక కిందకి వెళ్లి, పెట్టెల మధ్య నిలబడి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇంట్లో చెప్పక తప్పలేదు. తల్లి మొదట నమ్మలేదు. ఆయన ఎడమ పక్కకి వెళ్లి రెండు వేళ్లు చూపించి ఎన్నని అడిగింది. ఆయన తల దించుకున్నాడు. అప్పుడు ఆవిడ గొంతు లేచింది.

"ఏడాదిన్నర! కూరలో ఉప్పు తగ్గితే చెప్పడానికి ఒక్క క్షణం ఆగరే! ఇది మాత్రం కడుపులో దాచుకున్నారా?" అంటూనే ఆవిడకి ఏదో గుర్తొచ్చింది. "కంచం పక్కన నీళ్ల గ్లాసు తన్నేసిన ప్రతిసారీ కళ్లు కనిపించట్లేదా అని తిట్టాను. ఎన్నిసార్లు తిట్టానో! అప్పుడైనా చెప్పచ్చుగా!"

"నువ్వన్నది నిజమేనని చెప్పడానికి నోరు రాలేదే."

తల్లి పైటకొంగుతో ముఖం కప్పుకుంది. కాసేపటికి లేచి, కొత్త బూట్ల పెట్టెని బీరువాలో పెట్టి తాళం వేసింది. "ఇంక మీరు గడప దాటడానికి వీల్లేదు. ఆ కాలువలో పడి పోతే నేనేమైపోవాలి?"

"ఇంట్లో కూర్చుంటే చూపు నిలుస్తుందంటే ఈ క్షణం నుంచే కూర్చుంటాను. నిలవదుగా! కూర్చున్నా పోతుంది, పరిగెత్తినా పోతుంది. ఆ దారిలో ఉన్న అరగంటా నేను మామూలు మనిషిని. అదొక్కటే అడుగుతున్నాను."

"చిట్టీ, నువ్వు చెప్పవే! షూ డాక్టర్‌వి కదా, చెప్పు మీ నాన్నకి!"

చిట్టి ఇద్దరి ముఖాలూ చూసింది. వెళ్లమంటే రేపు జరిగేదానికి తనది పూచీ. వద్దంటే ఆ కుర్చీలోనే ఆయన చీకటి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు. షాపులో రెండు దారులకీ పనికొచ్చే జత వెతికి ఇవ్వగలదు. దీనికి ఏ అటక మీద ఏముంటుంది?

"నాకు తెలియదమ్మా" అంది.

మర్నాడు చిట్టికి మెలకువ వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దానికే భయం వేసింది. వంటింట్లో పొయ్యి వెలగలేదు, పాలు కాచలేదు. బీరువా తలుపుకి తాళంచెవి వేలాడుతోంది. గుమ్మం ముందు బూడిద రంగు బూట్లు, తాళ్లు వదులు చేసి, పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. తల్లి చెప్పులు లేవు.

"మీ అమ్మేదే?" అన్నాడు తండ్రి, బూట్లు చేత్తో తడుముతూ.

"ఏమో నాన్నా. పద, దారిలో చూద్దాం."

ఇద్దరూ కలిసి బయల్దేరారు. ఆయన పెదాలు లెక్కతో కదులుతున్నాయి. ఒకచోట చిట్టి కళ్లు మూసుకుని, ఆయన్లాగే లెక్క పెడుతూ పరిగెత్తి చూసింది. పన్నెండు అంగలకే కాళ్లు తడబడి కళ్లు తెరిచేసింది. పన్నెండుకే ఇంత భయమైతే ఈయన ఏడాదిన్నర...

"ఆరువందల నలభై" అన్నాడాయన. ఆ అడుగులోనే కింద మట్టి కరకరమంది. "ఇదిగో, అయిపోయింది!" అన్నాడు పసిపిల్లాడిలా.

మట్టిదారిలో ఎనిమిది వందలు దాటారో లేదో, ఎదురుగా గట్టు మీద నుంచి కేక వినపడింది.

"నిదానం! ఎడమకి, ఎడమకి రండి! ఎవరో తరుముతున్నట్టు ఏంటా పరుగు!"

కల్వర్టు గోడ మీద తల్లి కూర్చుని ఉంది. చెప్పుల నిండా మట్టి, మడమ దగ్గర కంకర గీరుకుని రక్తం.

"ముప్పై రెండేళ్లు నా గొంతు మీద జోకులేశారుగా, ఇప్పుడు అదే దిక్కయింది. రోజూ వస్తాను. నేను కనిపించకపోయినా నా మాట వినపడుతుందిగా!"

తొమ్మిది వందల దగ్గర ఆయన లెక్క ఆపేశాడు. ఇక ఆ గొంతు పట్టుకుని నడిచే వచ్చాడు.

చిట్టి వచ్చి తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చెప్పు విప్పి, ఆవిడ పాదాన్ని జానతో కొలిచింది. ఊళ్లో ఎవరెవరి కాళ్లో కొలిచింది గానీ అమ్మ పాదం కొలవడం ఇదే మొదటిసారి. ఎడమ పాదం కుడిదానికన్నా కొంచెం పెద్దది.

"ఏంటే ఇది? నేనేమైనా పరిగెత్తాలా?"

"అంత దూరం ఈ చెప్పులతో రాకూడదమ్మా" అంది చిట్టి, తల ఎత్తకుండా.

తండ్రి భార్య పక్కన కూర్చున్నాడు. మెల్లగా తల తిప్పుతూ, అటూ ఇటూ సరిచేసుకుంటూ, ఆవిడ ముఖం ఆ కాస్త చూపులోకి వచ్చే దాకా వెతుక్కున్నాడు. దొరికాక ఇంక కదల్లేదు. నుదురు, చెంప, గడ్డం కిందుగా ఉన్న పుట్టుమచ్చ, ఒక్కొక్కటే చూస్తున్నాడు.

"ఏంటలా చూస్తారు, ఎప్పుడూ చూడనట్టు?"

"కొలుచుకుంటున్నానే" అన్నాడు. "తర్వాత కావాలిగా."

వీధి మలుపు దాకా వినపడే ఆ గొంతు అప్పుడు పెగల్లేదు. ఆయనకి బాగా కనపడేలా ఆవిడ ముఖం కాస్త దగ్గరగా జరిపి, కన్నీళ్లు తుడుచుకోకుండా అలాగే కూర్చుంది.