జయానందం సారు రాసిన చీటీ

ఇగో, జర దగ్గరికి జరుగు బిడ్డా. ఆ ఫోను పక్కన పెట్టి నా మోకాలు కాడ కూసో. మన చర్చి వెనుక గల్లీల, జయానందం సారు ఇంట్ల జరిగిన ముచ్చట చెప్తా.

జయానందం సారు మెదక్ల ముప్పై ఏండ్లు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైండు. ఆయనకు ఒక్కటే పిచ్చి, చీనా దేశపు మట్టి కెటిళ్లు. చాయ్ పోసుకునేటియి, పిడికెడంత ఉంటయి. వాళ్ల నాయన మిషన్ బంగ్లల వంట చేసేటోడు. అంతకుముందు చీనాల పనిచేసొచ్చిన దొరసాని ఒకామె, తన దేశం పోయేటప్పుడు ఆయన చేతుల ఒక కెటిల్ పెట్టి పోయింది. దాన్ని చూసుకుంట పెరిగిన జయానందం, హైదరాబాద్ల పాత సామాన్లమ్మే జుమేరాత్ బజార్ల, పాత కోఠీలు కూలగొట్టే కాడ ఏరి ఏరి ఇంకో పది తెచ్చిండు. ఆదివారం చర్చి నుంచి రాంగనే వాటిల్ల చాయ్ పోసుకొని తాగేటోడు. వాటికి సబ్బు మాత్రం తగలనియ్యడు. ఆ మట్టి చాయ్‌ని తాగుతదట, సబ్బు పెడితే సబ్బునూ తాగుతదట.

పన్నెండోది వేరే. రిటైరైన నెల్ల తన మోటర్ సైకిల్ అమ్మి తెచ్చుకున్నడు. కింద నాలుగు చీనా అక్షరాల ముద్ర ఉండె. పాత కెటిళ్ల పుస్తకంల ఉన్న ముద్ర బొమ్మ పక్కన పెట్టి చూస్తె గీతకు గీత కలిసింది. రెండు వందల ఏండ్ల కింద పేరు మోసిన పనోడు చేసిందే అని మురిసిపోయిండు. దాంట్ల చాయ్ కూడ పొయ్యలే. ఆరేండ్లు అద్దాల బీరువల పెట్టి, తడి చెయ్యి తగలనియ్యలే.

ఆ పొద్దు శనివారం. సారు భార్య ఎలిశిబా పొయ్యి కాడ ఉప్మా కలుపుతుంది. బిడ్డ రోజీ టేబుల్ మీద ఒక్కో కెటిల్‌కు ఒక్కో చీటీ రాస్తుంది. రోజీ దవాఖానల ల్యాబ్ పని చేస్తది, దస్తూరి మస్తుగుంటది. చీటీలు ఎందుకంటె, ఇంద్రకరణ్ వస్తుండు. ఒకప్పుడు సారు కాడ చదివినోడే. చర్చి చూడ వచ్చేటోళ్ల కోసం హోటల్ కడుతుండు. దాంట్ల ఒక అద్దాల గదిల కెటిళ్లన్ని పెట్టి, తలుపు మీద జయానందం సారు పేరు చెక్కిస్తనన్నడు. వారం సంది సారు కాళ్లు నేల మీద ఆనుతలేవు.

రోజీ పదకొండు చీటీలు రాసి, ఆఖరు కెటిల్ దుమ్ము పట్టిందని తడిగుడ్డ పెట్టి తుడిచింది. గుడ్డకు ఎర్రటి రంగు అంటింది. ముక్కు కాడ పెట్టుకుంటె బూటు పాలిష్ వాసన. ఊరికె అనుమానపడొద్దని మూత తీసి వేలు పెట్టి చూసింది. దొరసాని కెటిల్ల అయితె పిడి కింద, లోపలి దిక్కు, మట్టి అతికిన గీత వేలికి తగుల్తది. చేత్తోని చేసిన గుర్తు అది. దీంట్ల గాజు గ్లాసు లెక్క అంత నున్నగనే. అంటె అచ్చుల పోసి చేసిందన్నట్టు. నీళ్లు చిలకరిస్తె మట్టి మీద పాకకుండ మైనం మీద లెక్క జారినయి.

ఎండకాలం కుండ కొనేటప్పుడు ఎలిశిబా చేసేది గదే. వేలితోని మోగిచ్చి, తడిపి, వాసన చూసి కొంటది. రోజీ తల్లిని చూసి నేర్చుకుంది. సారేమో అక్షరాలు చూసి కొన్నడు. బతుకంత అక్షరాలు దిద్దిచ్చినోడాయె, అక్షరం ఉన్న కాడ ఆయనకు అనుమానం రాలే.

రోజీ తల్లికి చెప్పింది. ఎలిశిబా గరిటె పక్కన పెట్టి, ఇయ్యాల ఒక్కరోజు నోరు మూసుకో బిడ్డా, ఆయన పేరు పడనీ, తర్వాత చూసుకుందం అని బతిమాలింది. రోజీ కెటిల్ను చీటీ లేకుండనే బీరువల పెట్టింది.

ఇంద్రకరణ్ వచ్చి, ఉప్మా తినుకుంట బీరువ దిక్కు చూసి, అసలుదానికే చీటీ లేదేందని అడిగిండు.

"రాయి బిడ్డా. రెండు వందల ఏండ్లదని రాయి," అన్నడు సారు.

"నేను రాయ డాడీ."

"చెయ్యి నొస్తుందా?"

"చెయ్యి మంచిగనే ఉంది. కెటిల్ పాతది కాదు. పాలిష్ రుద్ది అమ్మిండ్రు."

సారు మొఖం నల్లగైంది. నువ్వు పుట్టకముందు సంది చూస్తున్న, నిన్నగాక మొన్న మైక్రోస్కోపు పట్టి నాకు పాఠం చెప్తవా అని లేచిండు. రోజీ తల దించలే.

"నా కాపీల తప్పుంటె క్లాసంత చూడంగ ఎర్రగీత కొట్టేటోనివి. నీ తప్పుకు కొట్టొద్దా?"

ఇంద్రకరణ్ నవ్విండు. "లొల్లెందుకు సార్. మెదక్ల ఎవ్వలకు తెలుస్తది? ఉన్నట్టె రాయుండ్రి. అది లేకుంటె మాత్రం గది కట్టుడు దండుగ."

సారు ఆ మాట విని, బీరువ కాడికి పోయి కెటిల్ తీసిండు. తర్వాత ఎలిశిబను వేడి నీళ్లు తెమ్మన్నడు. కెటిల్ను తాంబాలంల పెట్టి తన చేత్తోనే పోసిండు. పొగతోని పాటు వాసన లేచింది. బడి ప్రేయర్ లైన్ల, పిల్లల బూట్ల కాడ రోజూ పీల్చిన వాసన. ఎవ్వలూ చెప్పే పని లేకపాయె. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.

"అన్నిట్ల చాయ్ పోసిన, దీంట్ల పొయ్యలే. నాకు లోపల తెలుసేమో ఎలిశిబా. చూడనీకె భయపడ్డ."

చీటీ తీసుకొని తనే రాసిండు: 'ఇది కొత్తది. పాతదనుకొని కొని మోసపోయిన. పట్టుకున్నది నా బిడ్డ రోజీ.' ఇంద్రకరణ్ ముందట పెట్టి, ఈ చీటీతోని పెడితె అన్నీ తీసుకపో, చీటీ వద్దంటె ఒక్కటి గూడ గడప దాటదు అన్నడు. హోటల్ పరువు ఏం గావాలె సార్ అనుకుంట ఆయన లేచిండు. ప్లేటుల ఉప్మా సగం అట్లనే ఉంది.

తలుపు మీద పేరు పాయెనని ఎలిశిబా కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. రోజీకి గూడ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నేనే పోగొట్టిన డాడీ అంది. సారు బీరువ తలుపులు రెండూ బార్ల తెరిచి, ఎర్ర పెన్ను ఆమె చేతుల పెట్టిండు.

"ఇంకా పదకొండున్నయి. ఒక్కొక్కటి చూడు. నా మొఖం చూడకు, మట్టి చూడు."

పొద్దు గూకేదాక చూసిండ్రు. రోజీ ఇంకో రెండిటి కాడ ఆగింది. ఒకటి దొంగదేనని సారు ఒప్పుకున్నడు. ఇంకోదాని మీద ఇప్పటికీ కొట్లాడుకుంటుండ్రు.

ఇప్పుడు ఆదివారం ప్రార్థన అయినంక ఎవ్వలైన ఆ ఇంటికి పోతె, సారు ముందుగాల తీసి చేతుల పెట్టేది ఆ దొంగ కెటిలే. వాసన చూడుండ్రి, గిట్ల మోసపోవద్దు అంటడు. నవ్వేటోళ్లు నవ్వుతరు, ఆయనకేం ఫికర్ లేదు.

గిది యాదికి పెట్టుకో బిడ్డా. రేపు నీ దోస్తులకు చెప్పు, నీకు పిల్లలైనంక వాళ్లకు చెప్పు. సారు మోసపోయిన సంగతి మాత్రం దాయకు. అది దాస్తె ఆయనే ఊకోడు.