పాత వంటింటి మూల

పిండి జల్లెడ కోసం పొద్దున్నే గొడవ మొదలైంది.

"రొట్టెల పిండి జల్లించే దాంతో పునాది మట్టి జల్లిస్తావా? రేపు పంటి కింద రాళ్లొస్తే నన్నడక్కు," అంటూ సుబ్బరావమ్మ మొగుడి చేతిలోంచి జల్లెడ లాక్కుంది.

"ఒక్క బంగారు కాసు దొరికిందంటే పది జల్లెడలు కొంటానే!" అని బాపయ్య మళ్లీ లాక్కున్నాడు.

అణాలు పోయి కొత్త పైసలొచ్చిన మరుసటి ఏడాది అది. మిరపకాయలు మంచి ధర పలికాయి. పెంకుటిల్లు కడదామని పాత మట్టిల్లు కూల్చారు. అదే వారం పక్కింటి చెంచయ్యకి పునాదిలో చెంబెడు పాత నాణేలు దొరికాయి. అంతే, బాపయ్య గోడల కిందంతా తవ్విపోశాడు. దొరికింది తుప్పు మేకులు, ఒక దమ్మిడీ.

ఇక పాత వంటింటి మూలే మిగిలింది. అక్కడ తల్లి గురవమ్మ చాప వేసుకుని మూడు రోజులుగా కదలకుండా కూర్చుంది.

"ఇక్కడ తవ్వద్దురా," అంటుందే గాని ఎందుకో చెప్పదు.

"ఎందుకేముంది? వినుకొండలో ఉన్న కూతురికి దోచిపెట్టాలిగా!" అంది సుబ్బరావమ్మ వినపడేలా. మూడు రోజులుగా అత్త కంచంలో ఆమె మజ్జిగ పొయ్యడం లేదు. గురవమ్మ అడగనూ లేదు.

బాపయ్య ఓపిక నశించింది. తల్లిని చాపతో సహా పక్కకి లాగేసి పలుగు దించాడు. మోకాలిలోతున కుండ పగిలిన చప్పుడైంది. సుబ్బరావమ్మే ఉరికి జల్లెడ పట్టింది. గబగబా ఆడించింది. మన్ను రాలిపోయింది. పైన మిగిలినవి పుల్లల్లాంటి సన్నటి ఎముకలు, రెండు పసిబిడ్డ వెండి మురుగులు.

"నీకంటే ముందు పుట్టిందిరా," అంది గురవమ్మ. "ఇరవై రోజులు బతికింది. అప్పుడిది పెరడు. ఆడపిల్లకి ఏడుపేమిటని మీ నాయనమ్మ ఏడవనివ్వలేదు. తర్వాత వంటిల్లు ఇటు జరిపారు. ముప్పై ఏళ్లు దాని పక్కనే వండాను."

బాపయ్య మురుగులు అరచేతిలో ఎగరేసి చూశాడు. "రెండు తులాలు కూడా లేవు," అన్నాడు.

మధ్యాహ్నం కంచాల ముందు కూర్చున్నారు. సుబ్బరావమ్మ మజ్జిగ చెంబు తెచ్చి, "అత్తా..." అంటూ వంగింది. గురవమ్మ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. ధార ఆగక ముడతలు పడ్డ ఆ వేళ్ల మీదే పడింది.

"బండి మాట్లాడాను. పొద్దు వాలేలోపు నా పసిదాని ఎముకలు మూటగట్టుకుని వినుకొండ పోతున్నా. ఆ మూల కూడా కలుపుకుని కట్టుకోండి."

సుబ్బరావమ్మకి ఏడుపు ఆగలేదు.

"ఆ జల్లెడ కూడా నాకిచ్చెయ్యవే," అంది గురవమ్మ లేస్తూ. "దాంతో మళ్లీ పిండి జల్లించకు."