రాడార్‌కి కనిపించని మబ్బు

"ఒక్కసారి కూడా గాల్లోకి ఎగరని మీరు నాకు వాన గురించి చెప్తున్నారా?"

అన్సార్ నవ్వుతూనే అన్నాడు గానీ రుక్సార్‌కి చుర్రుమంది. తెనాలి అమ్మాయి. విమానాల్లో పరికరాలు బిగించే ఇంజనీరు.

"ఎగరకపోతే ఏంటండీ? మీ రాడార్ వానని మాత్రమే చూస్తుంది. దట్టమైన వాన వెనకాల ఏముందో దానికి తెలీదు. మా పరికరం మెరుపు ఎక్కడ పుట్టినా పట్టేస్తుంది."

"పట్టి, చుక్కలు పెడుతుంది. ముగ్గులేసుకోడానికి బావుంటుంది."

రేపల్లెలో రొయ్యల వ్యాపారం చేసే వరప్రసాదం గారి నాలుగు సీట్ల విమానం అది. బాపట్ల దగ్గర చిన్న ప్రైవేటు రన్‌వే మీద ఉంటుంది. నడిపేది అన్సార్. మబ్బుల్ని ముందే కనిపెట్టే పరికరం ఒకటి పెట్టించాలని వరప్రసాదం గారి ఆలోచన. ఏది మేలో పరీక్షించడానికి రుక్సార్ రాడార్‌నీ, మెరుపుల్ని పట్టేదాన్నీ రెండూ బిగించింది.

"ఇద్దరూ ఎగిరి చూసి రండమ్మా. మీరేదంటే అదే," అన్నారాయన.

విమానం లేవగానే రుక్సార్ సీటు అంచు గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఆ సంగతే మర్చిపోయింది. కింద రొయ్యల చెరువులు అద్దం ముక్కల్లా మెరుస్తున్నాయి. పెనుమూడి వంతెన దగ్గర కృష్ణమ్మ ఒళ్లు విరుచుకుని సముద్రం వైపు సాగిపోతోంది.

ఎదురుగా వాన తెర దించినట్టు పడుతోంది.

"అదిగో చూడండి," అన్సార్ రాడార్ తెర చూపించాడు. "ఈ వాన పక్కనుంచి వెళ్తే వెనకంతా ఖాళీ."

సరిగ్గా ఆ ఖాళీలోనే రుక్సార్ ముందున్న తెర మీద ఒక చుక్క పడింది. తర్వాత ఐదు. చూస్తుండగానే గుంపు.

"ఖాళీ కాదండీ! వెనక్కి తిప్పేయండి!"

వాదిస్తాడనుకుంది. అతను ఒక్కసారి ఆమె ముఖంలోకి చూశాడు. మరుక్షణం రెక్క వాలింది.

విమానం పక్కకి తిరిగేసరికి వాన వెనకున్నది బయటపడింది.

మబ్బు. పాదం సముద్రం మీద, తల ఎక్కడో అందనంత ఎత్తున ఎండలో తెల్లగా. దాని కడుపులో మెరుపులు, చప్పుడు లేకుండా, ఒక గది తర్వాత ఒక గదిలో దీపం పెట్టినట్టు. దాని ముందు తాము ఎగురుతున్నది విమానం కాదు, దోమ.

రుక్సార్ కళ్లు చెమర్చాయి.

"ఐదేళ్లుగా నాకు ఇది బల్ల మీది తెరలో చుక్కలేనండీ. ఇంత ఉంటుందని..."

"చూసినప్పుడల్లా నాకూ నోట మాట రాదండీ," అన్సార్ మెల్లగా అన్నాడు. "పక్కన ఎవరైనా ఉంటే బావుండేది అనిపిస్తుంది. ఇవాళ ఆ వెలితి లేదు."

దిగగానే వరప్రసాదం గారు ఎదురొచ్చారు. "ఏది పెట్టిద్దాం?"

"మెరుపుల్ని పట్టేదే సార్," అన్సార్ తడుముకోలేదు. "ఈమె పక్కన లేకపోతే నేను రాడార్‌ని నమ్మి అందులోకి వెళ్లిపోయేవాణ్ణి."

గెలిచింది తనే. అయినా రుక్సార్‌కి గెలిచినట్టు లేదు. గుండె ఇంకా ఆకాశంలోనే ఉంది.

సామాను కారులో సర్దుతుంటే అన్సార్ వచ్చి నిలబడ్డాడు. పైలట్ గారికి మొదటిసారి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"రుక్సార్ గారూ, మా అమ్మీ ఓసారి తెనాలి వస్తే... మీ ఇంట్లో ఏమైనా అనుకుంటారాండీ?"

ఆమె కారు డోరు వేసి, దించిన తల ఎత్తకుండానే చెప్పింది.

"శుక్రవారం రమ్మనండి. నమాజ్ అయ్యాక డాడీ ఇంట్లోనే ఉంటారు."