ఒక పక్కకి వాలిన టోపీ

"ఇది ఇంత పొడుగ్గా ఎందుకుంది?"

"ఎదుటివాళ్ళు హడలిపోవాలని. ఈ బొచ్చు టోపీ పెట్టుకుంటే పొట్టి సైనికుడు కూడా దూరం నుంచి రాక్షసుడిలా కనిపిస్తాడు."

"మరి దీనికి మూడు మూలలెందుకు?"

"తుపాకీ భుజాన పెట్టుకున్నప్పుడు టోపీ అంచు అడ్డం వచ్చేది. అందుకని అంచు పైకి మడిచారు. మడవగా మడవగా మూడు మూలలు తేలాయి."

బడి వదిలి ఎంతోసేపు కాలేదు. టోపీల దుకాణంలో నిచ్చెన మెట్టు మీద కూర్చుని గుండీ జవాబులు చెబుతోంది. కింద నిలబడి ఎందుకుగాడు అడుగుతున్నాడు.

ఇవి వాళ్ళ అసలు పేర్లు కావు. ఆ పిల్ల చిన్నప్పుడు వాళ్ళమ్మ కుట్టుపెట్టెలోంచి ఒక గుండీ తీసి మింగింది. గుండీ మర్నాడే బయటికొచ్చింది, పేరు మాత్రం లోపలే ఉండిపోయింది. పక్కింటి పిల్లాడికి ఆ పేరెలా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

గుండీ వాళ్ళమ్మ టోపీలు బాగుచేస్తుంది. నాటకాలవాళ్ళకి, స్కూళ్ళకి అద్దెకిస్తుంది కూడా. అందుకే పై అరల నిండా సైన్యాలే. ఈకల కుచ్చు పెట్టిన ఇత్తడి శిరస్త్రాణం ఉంది. కత్తి దెబ్బ తలదాకా దిగకుండా మడత మీద మడత వేసి చుట్టిన తలపాగా ఉంది. పక్కనే బోర్లించిన గిన్నెలాంటి స్టీలు హెల్మెట్ ఉంది.

"దీన్ని చూసి కూడా హడలిపోయేవాళ్ళా?" హెల్మెట్ మీద వేలితో కొట్టి అడిగాడు ఎందుకుగాడు.

"ఊహూఁ. కందకాల్లో కూర్చున్నవాళ్ళ మీద ఇనుప ముక్కలు వానలా పడేవి. బట్ట టోపీ వాటినేం ఆపుతుంది? అప్పుడు ఇది వచ్చింది. ఎదుటివాళ్ళని భయపెట్టడానికి కాదు, పెట్టుకున్నవాడి భయం తగ్గించడానికి."

"మరి అది?"

బల్ల మీద ఒక నల్ల బెరెట్ టోపీ ఉంది. అంచూ లేదు, ఈకా లేదు. మెత్తటి ఉన్నిది. పురుగు కొట్టిన చిల్లు ఉంటే అమ్మ పొద్దున్నే కనబడకుండా కుట్టేసింది. సాయంత్రం ఆ టోపీగల మామ్మగారు వస్తారు. మామ్మగారు పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు.

"అది ట్యాంకు నడిపేవాళ్ళది," అంది గుండీ. "ట్యాంకు లోపల ఇరుకు. అంచుంటే అన్నిటికీ తగులుతుంది. నలుపైతే గ్రీజు మరక కనబడదు."

"అది సరే. మరీ ఇంత కిందికి వాలిందేం? చెవి మొత్తం మింగేసేలా ఉంది. ఇక్కడ ఈ గుంటెందుకు?"

గుండీకి తెలియదు. కానీ టోపీల దుకాణం పిల్ల తెలియదని ఎలా అంటుంది?

"పాతబడితే అంతే," అనేసింది.

అన్నాక ఆ టోపీని మళ్ళీ చూసింది. నిజమే, సొట్ట పడి, వాలిపోయి, అదోలా ఉంది. అమ్మ చిల్లు ఒక్కటే కుట్టి వదిలేసింది. మామ్మగారు అడిగింది అంతే మరి. గుండీకి ఇంకో ఆలోచన వచ్చింది. అడిగినదానికన్నా కాస్త ఎక్కువ చేసిపెడితే మనిషి సంతోషిస్తాడు, మళ్ళీ వస్తాడు. దుకాణంలో పెరిగిన పిల్లల లెక్క అలాగే ఉంటుంది. లెక్క తప్పు కాదు. కాకపోతే ఆ కాస్త ఎక్కువ ఎవరి సంచిలోంచి తీసి ఇస్తున్నామో ముందు చూసుకోవాలి. గుండీ చూసుకోలేదు.

అమ్మ నాటకాల హాలుకి టోపీలు ఇచ్చిరావడానికి వెళ్ళింది. స్టీమరు వాడటం గుండీకి అమ్మే నేర్పింది. బెరెట్‌కి అన్ని వైపులా ఆవిరి పట్టించింది. టోపీలు సరిచేసే కొయ్య తలకి తొడిగి, నాలుగు పక్కలా సమంగా లాగింది. గుంట పోయింది. వాలు పోయింది. బ్రష్ తో దువ్వేసరికి టోపీ అప్పుడే పెట్టెలోంచి తీసినట్టు గుండ్రంగా మెరిసింది.

"అబ్బో! కొత్తదే!" అన్నాడు ఎందుకుగాడు.

"ఇంకా అవలేదు. లోపలి తోలుపట్టీ చూడు, ఎలా నల్లబడిపోయిందో. అది కూడా మార్చేస్తా."

కొత్త పట్టీల డబ్బా పై అరలో ఉంది. నిచ్చెన అటు జరుపుతుంటే అమ్మ లోపలికొచ్చింది.

అమ్మ చేతిసంచి కొక్కేనికి తగిలించబోయి ఆగిపోయింది.

"దాన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"నేనేనమ్మా! ఫ్రీగా చేశా! బాగుంది కదూ?"

అమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"కొత్త బెరెట్ వచ్చినప్పుడు సైనికుడు ఏం చేస్తాడో నీకు చెప్పలేదు కదూ," అంది మెల్లగా. "వెచ్చటి నీళ్ళలో తడుపుతాడు. తడిగానే తలకి పెట్టుకుని, తనకి కావలసినట్టు లాక్కుంటాడు. ఆరేదాకా తియ్యడు. అప్పుడది అతని తల ఆకారానికి వస్తుంది. ఇంకెవరి తలకీ అలా కుదరదు."

గుండీ కొయ్య తల వంక చూసింది.

"ఆ మామ్మగారి ఇంట్లో తాతగారు..."

"పోయారు. టోపీ తలుపు పక్కన తగిలించి ఉంటుందట. బయటికెళ్ళేటప్పుడల్లా మామ్మగారు ఒకసారి తడిమి వెళతారట."

గుండీ నిచ్చెన వదిలేసి అమ్మ దగ్గరికొచ్చింది.

"నువ్వు మళ్ళీ అలా చేసెయ్యమ్మా. నీకు వచ్చుగా!"

"ఒంపు తేగలను. అది నా చేతి ఒంపు అవుతుందే. ఆయన తలది ఎలా అవుతుంది?"

ఎందుకుగాడు గుండీ చెవి దగ్గర గుసగుసలాడాడు. "చెప్పకు. కొత్తగా ఉందని సంతోషిస్తారేమో."

"రోజూ తడిమే చెయ్యిరా అది," అంది అమ్మ. "దానికి తెలీకుండా ఉంటుందా?" తర్వాత గుండీ వైపు తిరిగింది. "నన్ను చెప్పమంటావా?"

గుండీ చాలాసేపు గౌను అంచు నలిపింది.

"నేనే చెబుతా. నువ్వు మాత్రం ఇక్కడే ఉండు."

మామ్మగారు వచ్చేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. గొడుగు మూలన పెట్టి, "కుట్టేశావా అమ్మా?" అంటూ బల్ల దగ్గరికొచ్చారు.

"మామ్మగారూ," అంది గుండీ. గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. "అమ్మ బాగా కుట్టింది. నేనే పాడుచేశా. పాతదయిపోయిందనుకుని ఆవిరి పట్టి గుండ్రంగా చేసేశా. అమ్మకి తెలీదు. నన్ను ఎవరూ చెయ్యమనలేదు."

మామ్మగారు టోపీ చేతిలోకి తీసుకున్నారు. అరచెయ్యి దాని మీదుగా పోయింది. బొటనవేలు ముందు భాగంలో దేనికోసమో వెతికింది. దొరకలేదు. మళ్ళీ వెతికింది.

"కాస్త కుర్చీ వెయ్యమ్మా," అన్నారు.

అమ్మ కుర్చీ వేసింది. మామ్మగారు టోపీ తిరగేసి లోపల చూశారు.

"పట్టీ మార్చలేదుగా?"

"మార్చబోయా... ఈలోగా అమ్మ వచ్చింది."

"హమ్మయ్య." నల్లబడిన ఆ పట్టీని మామ్మగారు వేలితో నిమిరారు. "ఇది ఆయన నుదురు. ఇది ఉందిలే."

గుండీకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. "తప్పయిపోయింది మామ్మగారూ."

"అయింది," అన్నారు మామ్మగారు. కాదనలేదు. టోపీ ఒళ్ళో పెట్టుకుని అడిగారు. "అంత కిందికి ఎందుకు వాలి ఉండేదో తెలుసా?"

గుండీ తల అడ్డంగా ఊపింది. "తెలీదు," అంది. ఆ మాట అనడం ఆ రోజుకి అదే మొదటిసారి.

"ఆయన కుడి చెవి పెద్దది. చేటంత ఉండేది. ఫొటోల్లో కనబడకూడదని టోపీ దాని మీదికి లాగేవారు. తోటివాళ్ళెవరికీ తెలీదు, నాకొక్కదానికే తెలుసు. ఇంటికి రాగానే ఇదిగో, ఇక్కడ పట్టుకుని తీసేవారు. ఆ గుంట అలా పడిందే."

"అందుకా!" అన్నాడు ఎందుకుగాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు వెంటనే ఇంకో ప్రశ్న వెయ్యకపోవడం అదే మొదలు.

మామ్మగారు చీర చెంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు. "వెచ్చటి నీళ్ళున్నాయా అమ్మా?"

అమ్మ గిన్నెలో నీళ్ళు తెచ్చింది. మామ్మగారు బెరెట్ ముంచి, పిండకుండా తువ్వాలులో అద్దారు. కొయ్య తలలన్నీ తడిమి పెద్దది ఎంచుకున్నారు. తొడిగి, కుడివైపు లాగి, పెదవి విరిచారు.

"దీనికి చెవి లేదే!"

గుండీ పరిగెత్తి ఒక గుడ్డముక్క తెచ్చి, మడిచి, కొయ్య తల పక్కన అంటించింది.

"ఇంకా పెద్దది."

ఇంకో మడత వేసింది.

"ఇంకా పెద్దదే తల్లీ. మొహమాటపడకు."

తువ్వాలు మడిచి పెట్టేసరికి కొయ్య తల ఒక పక్క ఏనుగులా తయారయింది. మామ్మగారు చూసి చూసి నవ్వేశారు. అమ్మ నవ్వింది. గుండీ నవ్వాలో వద్దో తెలియక ముక్కు తుడుచుకుంది.

"ఇటు పట్టుకో. నేను లాగుతా. ఇంకా... ఇంకాస్త... అదీ!"

"అచ్చం అలాగే వచ్చిందా మామ్మగారూ?"

మామ్మగారు టోపీని అటు నుంచి, ఇటు నుంచి చూశారు. "లేదమ్మా. అది ఆయన పెట్టుకున్న ఒంపు. ఇది నాకు గుర్తున్న ఒంపు. గుంట మాత్రం ఇప్పుడు రాదు. నేను పట్టుకోగా పట్టుకోగా రావాలి." కొయ్య తలకి పెట్టిన చెవి మీద చిన్నగా తట్టారు. "ఆరనీ. రేపొచ్చి తీసుకెళతా."

ఆ సాయంత్రం పోయిందీ వచ్చిందీ చూస్తే, ఒక ఒంపు పోయింది, ఒక పెద్ద చెవి సంగతి బయటపడింది. అదీ ఇదీ చెల్లుకు చెల్లయిందని గుండీ అనుకోలేదు. టోపీకి అడ్డంగా కుర్చీ వేసుకుని, ఎవరూ తగలకుండా అక్కడే హోంవర్క్ చేసుకుంది.

మర్నాడు మామ్మగారు టోపీ తీసుకెళ్ళిన కాసేపటికి బ్యాండు మాస్టారు హడావిడిగా వచ్చారు. వాళ్ళ బ్యాండువాళ్ళు పెట్టుకునే టోపీ సైన్యంలోలాగే ఉంటుంది. ముందు గట్టి అంచు, చుట్టూ బంగారు తాడు.

"దుమ్ము కొట్టుకుపోయింది. తళతళలాడించెయ్యాలి గుండీ! ప్రోగ్రాముంది."

గుండీ చెయ్యి స్టీమరు మీదికి వెళ్ళింది. వెళ్ళి, వెనక్కి వచ్చింది. టోపీని వెలుతురులోకి పట్టుకుని చుట్టూ తిప్పి చూసింది. అంచు చివర చిన్న చిన్న గాట్లు కనిపించాయి.

"మాస్టారూ, ఇవేంటి? ఇవి పోవాలా, ఉండాలా?"

మాస్టారు వంగి చూశారు. ఆయన హడావిడి కాస్త తగ్గింది.

"అవా? మావాడివి. పళ్ళొచ్చేటప్పుడు కొరికేశాడు. ఇప్పుడు వాడి తలకి ఈ టోపీ పట్టను కూడా పట్టదు." బొటనవేలితో ఆ గాట్లు రుద్దారు. "అవి ఉండనీలే."

గుండీ ఒక మెత్తటి గుడ్డ తీసుకుంది. ఆ పాలపళ్ళ గాట్ల మీద జాగ్రత్తగా చుట్టి, ముడి వేసింది. ఆ తర్వాతే స్టీమరు స్విచ్ నొక్కింది.