జంట చుక్కలు

"ఈ పేజీ ఎవరు రాశారో వాళ్ళని ఒక్కసారి చూడాలనుంది. దండం పెట్టడానికి మాత్రం కాదు."

బ్రేకు వైరు బిగిస్తున్న ఓరెన్ తల తిప్పి చూశాడు. సైకిల్ వర్క్‌షాపు కంప్యూటర్ ముందు ఒక కొత్తమ్మాయి నిలబడి ఉంది. గ్రీజు అంటకుండా కీబోర్డుకి తొడిగిన ప్లాస్టిక్ కవరు మీద టకటకా కొడుతోంది. తడిసిన జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో గొడుగు లేదు. పోర్ట్‌లాండ్ అక్టోబరు వానలో గొడుగు పట్టనివాళ్ళే ఈ ఊరివాళ్ళు కాబట్టి, అమ్మాయి త్వరగానే అలవాటు పడుతోందన్నమాట.

"నేనే రాశాను," అన్నాడు. "ఏం, బాలేదా?"

"విషయం బ్రహ్మాండం. కానీ ఊపిరి తీసుకోకుండా చెప్పేశారు. పైనుంచి కింది దాకా ఒకటే గోడ! ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగాలో తెలియలేదు."

"చదివేవాళ్ళు చదువుకుంటున్నారుగా."

"ఆహా! నేనూ చదివాను. చదివి ఏం చేశానో చూడండి."

ఆమె సైకిల్‌కి బ్రేకు రబ్బర్లు రెండూ తలకిందులుగా ఉన్నాయి. డిస్క్ బ్రేకుకి చెయ్యాల్సింది మామూలు బ్రేకుకి చేసింది. ఓరెన్‌కి నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. అతని ఖర్మకొద్దీ ఉక్రోషమే ముందు బయటపడింది.

"తప్పు పేజీదా, చేతిదా?"

"పేజీదే. నా పేరు మారిట్. చిన్నపిల్లలకి పాఠాలు చెబుతాను. ఏ మాట ఏ మాట కింద ఉండాలో నాకు బాగా తెలుసు."

అని ఊరుకోలేదు. మర్నాటికల్లా, ఎవరైనా దిద్దగలిగే ఆ వికీ పేజీ మొత్తం తిరగరాసింది. నిజానికి ఒక్క మాటా మార్చలేదు. వరస ముందు జంట చుక్కలు, అదే కోలన్, పెట్టి ఒక అడుగు లోపలికి జరిపిందంతే. 'డిస్క్ బ్రేకు' అంచున నిలబడింది. దాని పనులన్నీ ఒక అడుగు లోపల. ఆ పనుల్లో పడాల్సిన జాగ్రత్తలు ఇంకో జంట చుక్కలతో మరో అడుగు లోపల.

ఓరెన్ చూశాడు. ఒక్క నొక్కు నొక్కి మళ్ళీ పాతలా చేసేశాడు. పేజీ వెనకాల ఉండే చర్చలో రాశాడు: "మా పేజీ మెట్లు దిగి బేస్‌మెంట్‌లోకి పోతోంది."

దాని కింద ఒక అడుగు లోపలికి జరిగి మారిట్ జవాబు: "పనిముట్లు ఉండేది బేస్‌మెంట్‌లోనేగా!"

దాని కింద ఇంకో అడుగు లోపల అతను. ఇంకా లోపల ఆమె. చర్చలో పద్ధతే అది, ఎవరికి జవాబిస్తున్నామో వాళ్ళ మాట కంటే ఒక అడుగు లోపల నిలబడాలి. అలా జరిగి జరిగి ఇద్దరూ పేజీ కుడి అంచుకి చేరుకున్నారు. అక్కడ వరసకి ఒక్క మాట కూడా పట్టక విరిగిపోతోంది. చివరికి వర్క్‌షాపు పెద్దాయన గస్ వచ్చి రాశాడు: "కుడివైపు ఇంక చోటు లేదు పిల్లలూ. పెళ్ళన్నా చేసుకోండి, కొత్త పేరా అన్నా మొదలుపెట్టండి."

ఓరెన్ చెవులు ఎర్రబడ్డాయి. ఎందుకో అతనికే తెలియలేదు.

ఆ వారంలోనే ఒకాయన వానలో తడుస్తూ డిస్క్ బ్రేకు బండి తోసుకొచ్చాడు. ఓరెన్ రెండు చేతులూ గ్రీజు, పళ్ళ మధ్య వైరు. తర్వాత చెయ్యాల్సింది గుర్తురాక కంప్యూటర్ వైపు మెడ చాచాడు. మారిట్ అప్పటికే పేజీని మళ్ళీ తన పద్ధతిలోకి మార్చేసింది. అంత దూరం నుంచి కూడా కన్ను సరిగ్గా వెళ్ళాల్సిన వరస మీదే వాలింది!

పని అవగానే ఆమె దగ్గరికి పరుగెత్తాడు.

"నువ్వే గెలిచావు!"

"ఏమన్నారు? వినపడలేదు."

"నువ్వే గెలిచావు అన్నాను. ఇంకా గట్టిగా అనాలా?"

"అనాలి. గస్ గారు అటు చివరున్నారు, ఆయనకీ వినపడాలి."

అరిచాడు. షాపంతా నవ్వింది. ఇద్దరూ వీధి చివరికెళ్ళి డోనట్లు తిన్నారు. ఆమె నోట మీరు పోయి నువ్వు వచ్చింది. ఆ తర్వాత సైకిల్ గొలుసుల పేజీ, చక్రాల పేజీ, ఇద్దరూ ఒకే స్టూలు కోసం కొట్టుకుంటూ సర్దారు. ఆమె నవ్వితే ఓరెన్‌కి చేతిలో పానా జారిపోయేది. ప్రేమించేశాడు పాపం, పీకల్లోతు. పైకి చెప్పడానికే నోరు రాలేదు.

నవంబరులో వానసవారీ దగ్గర పడింది. ఏటా ఒక శనివారం పొద్దున వర్క్‌షాపు వాళ్ళంతా వానలో నది చుట్టూ తొక్కుతారు. ఓరెన్ దగ్గర ఇద్దరు తొక్కే సైకిల్ ఉంది. దాని వెనక సీటు గురించే చర్చ పేజీలో మారిట్ రాసింది, అందరూ చూస్తుండగా: "ఓరెన్, వెనక సీటు ఖాళీయేనా? నేను రానా?"

ఆ వరస ఓరెన్ చూసి ఉంటే ఎగిరి గంతేసేవాడే. కానీ దాని కిందే గస్ పెద్దాయన, ఏది ఎక్కడ అడగాలో పట్టని మనిషి, ఒక అడుగు లోపల తన ప్రశ్న పడేశాడు: "ఈ జరపడాలన్నీ తీసేసి పేజీలు పాతలా పెడదామా?"

ఓరెన్ హడావిడిగా వచ్చాడు, గస్ వరస ఒక్కటే చూశాడు, రక్తం ఉడికింది. "అస్సలు వద్దు! ఒకసారి పడ్డది చాలు. ఆ నరకం మళ్ళీ నాకొద్దు!" అని రాసి వెళ్ళిపోయాడు. రెండు జంట చుక్కలు పెట్టాల్సిన చోట ఒకటే పెట్టాడు. దాంతో ఆ మాట గస్ వరసకి లోపల కాకుండా దానికి సమానంగా నిలబడింది. అంటే, మారిట్ ప్రశ్నకి జవాబైంది.

ఆ రోజు నుంచి మారిట్ షాపుకి రాలేదు. ఫోన్ చేస్తే "పిల్లల పేపర్లు దిద్దుతున్నాను" అని పెట్టేసింది.

శనివారం పొద్దున ఓరెన్ టైర్లకి గాలి కొడుతుంటే రోజూ షాపు తలుపు తీసే డెల్లా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఆ పిల్లని అంత మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందయ్యా?"

"ఏ పిల్లని? ఏ మాట?"

"నరకమా? నీ వెనక కూర్చుంటానంటే నరకమా?"

డెల్లా ఫోన్ ముఖం మీదికి తెచ్చి చూపించింది. ఓరెన్ చదివాడు. పైన మారిట్ వరస చదివాడు. 

"అయ్యో! అది గస్‌కి! ఒక్క జత చుక్కలు తక్కువ పెట్టాను డెల్లా!"

"నాకెందుకు చెబుతావు? వంతెన దగ్గర ఉంది, వెళ్ళు!"

వెళ్ళాడు. వెనక సీటు ఖాళీగా ఉన్న ఆ పొడుగు బండిని ఒక్కడే తొక్కుతుంటే దారి పొడుగునా జనం అరుస్తున్నారు. "ఓయ్, వెనకవాళ్ళు పడిపోయారు, చూసుకో!" వాన చెంపలు వాయిస్తోంది. అతనికి ఒకటే భయం, వాళ్ళు బయలుదేరిపోతే? ఈ మాట ఇవాళ చెప్పలేకపోతే?

హాథార్న్ వంతెన కింద అందరూ బయలుదేరబోతున్నారు. మారిట్ తన సైకిల్ మీద, ఒక కాలు నేల మీద. అతన్ని చూసి మొహం తిప్పుకుంది.

"ఆగు! అది నీకు కాదు! గస్ గారికి! చుక్కలు తప్పాయి!"

"గొలుసుల పేజీ అంతా నాతో కూర్చుని సర్దినవాడివి. నీకు చుక్కలు తప్పాయా?"

"తప్పాయి. నీ ప్రశ్న నేను చూడనే లేదు. చూసి ఉంటే అవును అని పేజీ నిండా రాసేవాణ్ణి."

"నేను ఏడ్చాను, తెలుసా?" అంది మారిట్. "ఊరంతా చదివారు. స్కూల్లో పిల్లలు, మిస్ కళ్ళు ఎర్రగా ఉన్నాయేంటని అడిగారు."

ఓరెన్‌కి ఇంక మెలికలు తిరిగే ఓపిక లేదు. "మారిట్, నువ్వంటే నాకు ప్రాణం. నా పేజీని గోడ అన్న రోజు నుంచీ! ఊరంతా అదీ వినాలి. గస్ గారూ, మీరూ వినండి!"

"వింటూనే ఉన్నా, కానివ్వు," అన్నాడు గస్, టోపీ మీంచి నీళ్ళు దులుపుకుంటూ.

మారిట్ దిగింది. తన సైకిల్ తీసుకెళ్ళి గస్ చేతిలో పెట్టింది. వచ్చి ఆ పొడుగు బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"వెనక సీటు అడిగింది మొన్నటి మారిట్. నాకు ముందు సీటు కావాలి."

ఆ హ్యాండిల్ అతను ఇంతవరకు ఎవరి చేతికీ ఇచ్చి ఎరగడు. గబుక్కున దిగి పక్కకి జరిగాడు.

"బ్రేకులు?" అంది, ఎక్కి కూర్చుంటూ.

"అవీ నీ చేతిలోనే."

వంతెన మీదికి ఎక్కారు. చక్రాల కింద ఇనప జాలీ గుయ్యిమంటోంది, వాన హోరు, ముందున్న ఆమె వీపు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"ఇందాక ఏదో అన్నావు," అని అరిచింది మారిట్. "మళ్ళీ అను!"

"నువ్వంటే నాకు ప్రాణం!"

"నాకూనూ!" అంది తల తిప్పకుండానే, అని సిగ్గుకొద్దీ పెడల్ బలంగా తొక్కింది. ఆ సైకిల్‌కి గొలుసు ఇద్దరికీ కలిపే ఉంటుంది. ఆమె కాలు ఎంత వేగంగా తిరిగితే అతని కాలూ అంత వేగంగా తిరగాల్సిందే. ఓరెన్ నవ్వుతూ, రొప్పుతూ, ఆమెతో పాటే తొక్కుతూ పోయాడు.