భుజం మీద రైజెల్

"ఎవరండీ ఈ వేటగాణ్ణి గీసింది? కుడికాలికీ ఎడమకాలికీ తేడా తెలీదా?"

పనిలో చేరిన మొదటిరోజే ఆ అమ్మాయి నా మూడు రోజుల కష్టం మీద వేలు పెట్టి అడిగింది. ఒళ్ళు మండిపోయింది నాకు. మాది ఆకాశగోళాలు చేసే చిన్న వర్క్‌షాపు. బంతికి కాగితం అంటించి నేను వేటగాడిలాంటి నక్షత్రమండలాల బొమ్మలేస్తే, తను నక్షత్రాల పేర్లు రాయాలి. మా ఓనరు తనకి స్వయానా మేనమామ. అంచేత గొంతు తగ్గించాను.

"ఆకాశంలో ఇలాగే ఉంటాడు కదండీ!"

"కిందనుంచి చూస్తే! గోళాన్ని మనం బయటనుంచి చూస్తాం మాస్టారూ. అంతా తిరగబడుతుంది. చెరిపెయ్యండి."

చెరిపేశాను. ఏం చేస్తాం!

ఏడాది తిరిగేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నాకు నిద్ర పోయింది. తనకేమో ఆ వేటగాడి పాదం దగ్గర నీలంగా మండే రైజెల్ నక్షత్రమంటే పిచ్చి.

"అరబ్బీలో కాలు అని అర్థం. దక్షిణ సముద్రాల్లో కొందరు దీన్నే పువాంగా అంటారు. తెల్లవారుజామున ఇది కనిపిస్తే వాళ్ళకి కొత్త సంవత్సరం."

"మరి మనమేమంటాం?"

"పెయింటరు నీలం రంగు పిసినారిగా వేశాడంటాం."

నేను నవ్వాను. తను నవ్వలేదు. "అంతలా వెలిగేవి తొందరగా అయిపోతాయిట" అంది నెమ్మదిగా.

ఆ నెలంతా ముసురు. పగలే లైట్లు వేసుకుని పనిచేస్తున్నాం. ఒక మధ్యాహ్నం చూద్దును కదా, రైజెల్ అన్న పేరు వేటగాడి భుజం మీద ఉంది! నిద్రలో లేపి అడిగినా పాదమనే చెప్పే మనిషి. కొన్నాళ్ళుగా తను కాగితానికి ముక్కు ఆనించి ఎందుకు రాస్తోందో అప్పుడు అర్థమైంది.

ఎవరికీ చెప్పలేదు. తన రాతలాగే చిన్న చీటీ మీద రాసి సరైన చోట అతికించాను. భుజం మీద రంగు పూశాను. అలా ఆ నెలలో పదకొండు పేర్లు దిద్దాను. ఎంత గొప్ప పని చేస్తున్నానో అని లోపల్లోపల మురిసిపోయాను కూడా, వెధవని.

గోళం పంపించే ముందురోజు తను దాని మీద చెయ్యి వేసి నిమిరింది. పాదం దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇక్కడ అతుకుంది."

వేలు అలా పాకుతూ పదకొండు అతుకులూ పట్టుకుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"నెల."

"నెలరోజులు నన్ను వెర్రిదాన్ని చేశావన్నమాట. జాలా?"

"అది కాదు..."

"కుడికన్ను పోయింది. ఎడమది ఏడాది ఉంటే గొప్పన్నాడు డాక్టరు. కళ్ళతో పాటు పరువు కూడా తీశావు కదరా!"

గొడుగు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు పనికి రాలేదు. అన్నం సయించలేదు నాకు. ఐదోరోజు వానలోనే వాళ్ళింటికెళ్ళాను. తనే తలుపు తీసింది.

"మామయ్య పంపాడా?"

"నేనే వచ్చాను. నువ్వంటే నాకు ప్రాణం. ఆ ముక్క చెప్పే ధైర్యం లేక అతుకులేసుకుంటూ కూర్చున్నాను."

"ఈ కన్ను కూడా పోయాక ఏం చేస్తావ్? నేను గుద్దుకోకుండా చాటుగా గోడలు జరుపుతావా?"

"జరపను. గోడుందని చెప్తాను. అప్పటికీ వినకుండా వెళ్ళి గుద్దుకుంటే నీ ఖర్మ అంటాను."

తను తలుపు పట్టుకుని పెదవి కొరుక్కుంది. నవ్వో ఏడుపో తెలీలేదు.

"ఎవరే అది?" లోపల్నుంచి వాళ్ళమ్మగారు.

"నన్నిమ్మని అడగడానికొచ్చాడమ్మా. పెద్దవాళ్ళు లేకుండా, బుద్ధి లేకుండా, ఒక్కడే వచ్చాడు."

ఆవిడ బయటికొచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "అంతా తెలిసే వచ్చావా బాబూ?"

"తెలిసే వచ్చానండీ."

"అయితే ముందు తల తుడుచుకో" అని తువ్వాలు నా చేతిలో పెట్టి, ఆవిడ అటు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.