ఎర్రల ఐసీయూ

"ఏమప్పా, మా తొట్టిలో ఏం తవ్వుతాండావు?"

వెనక నుంచి వినిపించిన ఆ మాటకు ప్రవీణ్ చేతిలోని డబ్బా జారిపడింది. అందులోని ఎర్రలు, తడిమట్టిలో దొరికే వానపాములు, అతని చెప్పుల మీదికి పాకాయి. ఎదురుగా ఒక అమ్మాయి నిలబడి ఉంది. కోపంగా చూస్తోందో, నవ్వు ఆపుకుంటోందో అతనికి అర్థం కాలేదు.

ఆమె పేరు ఆశ్రిత. పామిడి దగ్గర ఆమె తండ్రి బయ్యన్నకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. ఆమె అగ్రికల్చర్ డిగ్రీ చదివి వచ్చి, తోట పక్క రేకుల షెడ్డులో తొట్లు కట్టి, ఎర్రలతో వర్మీకంపోస్టు ఎరువు తయారుచేస్తోంది. వానలు లేక నేలంతా రాయిలా గట్టిపడిన ఆ వేసవిలో, చుట్టుపక్కల ఎర్రలు దొరికే చోటు అదొక్కటే.

గాలానికి కావాలని ప్రవీణ్ గొణిగాడు.

"అడిగితే ఇయ్యమా? దొంగతనం చేసేదానికి నీకు ఎర్రలే దొరికినాయా?"

అతను తలవంచుకొని సంగతంతా చెప్పాడు. అతనికి పామిడిలో కూలర్లు రిపేరు చేసే అంగడి ఉంది. తండ్రి జయరాముడికి పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది, మాట తడబడుతోంది. డాక్టరు చెప్పిన కసరత్తులు చేయమంటే ఆయన గోడవైపు తిరిగి పడుకుంటాడు. గాలం చేతికిస్తే మాత్రం లేచి కూర్చుంటాడు, వేళ్లు కదిలిస్తాడు. ఆదివారం బండి మీద డ్యాముకు తీసుకుపోతే, ఎండ ఎక్కేసరికి డబ్బాలో ఎర్రలన్నీ చచ్చిపోతున్నాయి. చచ్చిన ఎర్రను చేపలు ముట్టడం లేదు. ఉత్తచేతులతో ఇల్లు చేరిన పూట ఆయన అన్నం కూడా తినడం లేదు.

ఆశ్రిత కిందపడ్డ డబ్బా తీసి చూసింది. ఆమె గొంతు మారిపోయింది.

"ఇట్లా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగిస్తే మనిషైనా సస్తాడు. రేపు రా. ఏదైనా చేద్దాం."

మొదట థర్మకోల్ పెట్టెలో ఐసు పెట్టి చూశారు. ఐసు కరిగి ఎర్రలు నీళ్లలో తేలాయి. తర్వాత మట్టిముంత తెచ్చారు. అందులో తడిపిన పేపరు ముక్కలు, మాగిన పేడ ఎరువు వేసి, పైన పలుచని గుడ్డ కట్టింది ఆశ్రిత. చల్లగానే ఉంది కానీ, గతుకుల రోడ్డు మీద ముంత పగిలింది. అప్పుడు ప్రవీణ్ పాత కూలరు ఇనుముతో బండికి ఒక చట్రం చేశాడు. కొత్త ముంత చుట్టూ కూలరు గడ్డి చుట్టి చట్రంలో కూర్చోబెట్టాడు. పైన ఖాళీ సెలైన్ బాటిల్ తగిలించి, గడ్డి మీద నీళ్లు చుక్కచుక్కగా పడేలా పైపు బిగించాడు. బండి కదిలితే గాలి తగిలి ముంత ఇంకా చల్లబడుతుంది.

ఆశ్రిత బండి చుట్టూ తిరిగి చూసి, "ఇది ఎర్రల ఐసీయూ," అని నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో కూలరు విప్పడానికైనా సిద్ధమే అనిపించింది ప్రవీణ్‌కు.

ఆ ఆదివారం మధ్యాహ్నం దాకా ఎర్రలు బతికాయి. జయరాముడు మంచి జిలేబి చేపలు పట్టాడు.

అయినా ప్రవీణ్ ప్రతి వారం షెడ్డుకు వస్తూనే ఉన్నాడు. ఎర్రలన్నీ చచ్చిపోయాయని మొహం వేలాడేసేవాడు. ఆశ్రిత ఒకసారి ఎరువు మార్చింది, ఇంకోసారి ముంత మార్చింది. లోపం ఎక్కడుందో తెలియక ఆమె దిగులుపడింది. ఆ పెద్దాయన మళ్లీ అన్నం మానేశాడేమోనని ఒకరోజు ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. నిజం చెప్పేద్దామని ప్రవీణ్ నోరు తెరిచాడు. అంతలో షెడ్డు ముందు ఆటో ఆగింది.

కర్ర ఊతంగా జయరాముడు దిగాడు. ఆయన చేతిసంచిలో చేపలున్నాయి. బయ్యన్న ఎదురెళ్లి ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టాడు.

"పాపా... నీకు దండం పెట్టాలని వచ్చినా," అన్నాడు జయరాముడు ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ. "నీ ముంతలో... ఒక్క ఎర్ర సావలేదు. వీడు వారం వారం... కొత్తవి తెస్తాండాడు. పెట్టే చోటు లేక... మల్లెచెట్టు కింద పోస్తాండాడు. చెట్టు నిండా పూలే."

బయ్యన్న ప్రవీణ్ వైపు చూశాడు. ప్రవీణ్ చీనీ చెట్ల వైపు చూశాడు.

"సచ్చిపోయినాయని ఎందుకు చెప్పినావు?" అని అడిగింది ఆశ్రిత.

"బతికినాయంటే నాకు ఈడ పనేముండాది?" అన్నాడు ప్రవీణ్ మెల్లగా. "మా నాయన్ను మళ్లీ నవ్వించినావు. ఆ మాట చెప్పాలని వస్తాంటి. నిన్ను చూసినాక నోరు రాకపాయ. నువ్వంటే నాకు ఇష్టం ఆశ్రితా."

 ఆమె జయరాముడి ముందు కూర్చుని ఆయన పాదాలకు దండం పెట్టింది. ఆయన కర్ర పక్కన పెట్టి, వణుకుతున్న కుడిచేతిని ఎంతో కష్టం మీద ఎత్తి ఆమె తలమీద ఉంచాడు. ప్రవీణ్ కళ్లు తుడుచుకున్నాడు.

బయ్యన్న చేపల సంచి అందుకొని లోపలికి నడుస్తూ, "జయరామన్నా, పులుసు అయ్యేదాకా ఈడే ఉండు," అన్నాడు. "పిల్లోళ్ల సంగతి తిన్నాక మాట్లాడుకుందాం."